గోనెపట్టా వెనక వార్తలు

విడపనకల్లు నుంచి కర్ణాటక సరిహద్దు వైపు పోయే రోడ్డు మీద తిప్పమ్మ హోటలు ఉంది. హోటలంటే నాలుగు రాతి కూసాలు, వాటి మీద రేకులు, ముందర రెండు బెంచీలు, లోపల ఒక పొయ్యి, పొయ్యికీ బెంచీలకూ మధ్య పరదాగా వేలాడే ఒక గోనెపట్టా. ఒక పక్కన గోడ, ఆ గోడకు టీవీ. పంచాయతీ ఎన్నికల ముందు, ఊరి జనానికి లోకజ్ఞానం పెరగాలని ఊరి నాయకుడు పుల్లన్న ఆ టీవీని ఇప్పించాడు. ఇచ్చినవాడెవరో జనం మరిచిపోతారని తన ఫొటో కూడా అంటించాడు. ఆ ఫొటో అంచు తెర మీదికి జరిగి, టైము చూపించే మూల కనపడకుండా పోయింది. అప్పటినుంచి ఆ హోటల్లో లోకజ్ఞానం ఉంది గానీ టైమెంతో ఎవరికీ తెలియదు.

గోనెపట్టా వెనక తిప్పమ్మ కూతురు గౌతమి బోండాలు వేస్తుంది. పందొమ్మిదేళ్ళ పిల్ల. తొమ్మిదో తరగతి దాకా చదివింది. హైస్కూలుకు పోయే బస్సు ఆ ఊరికి రావడం మానేసింది. ఎక్కేది ముగ్గురు ఆడపిల్లలు, వాళ్ళకోసం అంత పెద్ద బస్సెందుకని ఎవరికో అనిపించింది. న్యాయమే. ముగ్గురిలో ఇద్దరికి పెళ్ళిళ్ళయ్యాయి, మూడో పిల్ల పొయ్యి దగ్గర కూర్చుంది, బస్సుకు డీజిలు మిగిలింది.

గౌతమికి సిగ్గు ఎక్కువ. బెంచీ మీద ఎవరైనా "పాపా, నీళ్ళు" అంటే పట్టా పక్కనుంచి గ్లాసు బయటికి వస్తుంది. చెయ్యి మణికట్టు దాకే వస్తుంది. మనిషి రాదు. పట్టాకు ఒక చిరుగు ఉంది. దానికి కన్ను ఆనిస్తే బెంచీలూ, టీవీ, రోడ్డూ కనపడతాయి. నాలుగేళ్ళుగా ఆ చిరుగులోంచి ఆమె టీవీని చూసింది, టీవీ చూసేవాళ్ళను ఇంకా ఎక్కువగా చూసింది.

పొద్దున ఆరుగంటలకు వార్తలు చీర కట్టుకుని వస్తాయి. బల్ల మీద ఒక కప్పు ఉంటుంది. ఆ కప్పులో ఏముందో గౌతమికి ఇప్పటికీ తేలలేదు, ఎందుకంటే వార్తలు చదివే ఆవిడ దాన్ని ఎత్తగా ఎన్నడూ చూడలేదు. ఆవిడ "శుభోదయం" అనే తీరు చూస్తే రాత్రి మనింట్లోనే పడుకుని లేచిందేమో అనిపిస్తుంది. పక్కన ఇద్దరు పెద్దమనుషులు పేపర్లు తిరగేస్తుంటారు. ఒకరు ఏదో అంటారు, రెండోవారు "నిజమే" అంటారు. బస్సు లోయలో పడిన సంగతైనా సరే, నిద్రపోతున్న పసిబిడ్డ పక్కన చెప్పినట్టు చెప్తారు. ఆ వెంటనే రాశిఫలాలు, బంగారం ధర, కీళ్ళనొప్పులకు కాకరకాయ రసం.

ఆ వేళకు బెంచీల మీద కూర్చునేది కూలీలు. కణేకల్ తట్టు కాలవ కింద పనికి తీసుకుపోయే ఆటో కోసం పారలు, సద్దిడబ్బాలు పక్కన పెట్టుకుని కాచుకుంటారు. గౌతమి నాయన బాలప్ప కూడా వాళ్ళలో ఒకడు. ఒక బోండా తినేంతసేపు వాళ్ళు టీవీ చూస్తారు. ఆ కాసేపట్లో వాళ్ళు అడిగేది ఒక్కటే, వాన ఉందా లేదా అని. ఉందంటే తల ఊపుతారు, లేదన్నా అట్లాగే ఊపుతారు. ఆటో వస్తుంది, పోతారు. కాకరకాయ రసం గురించి ఒక్కరూ విచారించరు.

సాయంత్రం ఏడుగంటలకు అవే వార్తలు కోటు వేసుకుని వస్తాయి. ఆ మెట్ట నేలలో కోటు వేసుకునేవాడు పెళ్ళికొడుకు ఒక్కడే, వాడు కూడా భోజనాలకు ముందే విప్పేస్తాడు. టీవీలో వార్తలు చదివే ఆయనకు మాత్రం చెమట పట్టదు, కోపం పడుతుంది. తెరను ఆరు గదులుగా కోసి గదికొక మనిషిని కూర్చోబెడతారు. ఆరుగురూ ఒక్కసారే మాట్లాడతారు. వెనకాల మంటలు, కింద ఎర్రపట్టీ. పొద్దున "ఖండించారు" అని మెత్తగా చెప్పిన ముక్కే సాయంత్రానికి కత్తి పట్టుకుని వస్తుంది.

ఆ వేళకు బెంచీల మీద కూర్చునేది తెల్లచొక్కాలు. పుల్లన్న, ఆయన వెంట ముగ్గురో నలుగురో. మోటారుసైకిళ్ళు అడ్డంగా పెట్టి, ఒక టీని ఇద్దరు పంచుకుని గంటన్నర కూర్చుంటారు. పొద్దున వచ్చేవాళ్ళకు ఏమీ తెలియదు, తెలుసుకుందామని వస్తారు. సాయంత్రం వచ్చేవాళ్ళకు అన్నీ తెలుసు, తమకు తెలిసింది టీవీకి కూడా తెలిసిందో లేదో చూసి పోదామని వస్తారు.

ఇదంతా గౌతమి ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళు లేరు.

ఆరుద్ర కార్తెలో ఒక మధ్యాహ్నం ఉరిమింది. ఊరంతా ఆకాశం వైపు చూసింది. వాన రాలేదు గానీ పిడుగు ఒకటి వచ్చి టీవీ గొంతు పట్టుకుపోయింది. బొమ్మ ఉంది, మాట లేదు. ఉరవకొండ మెకానిక్కు వచ్చి వెనక మూత విప్పి, లోపలికి తొంగి చూసి, ఇది తన చేతిలో లేదని పెద్ద డాక్టరు చెప్పినట్టు చెప్పి, టీ తాగి పోయాడు.

మరునాడు పొద్దున జనం మూగ టీవీ ముందు కూర్చున్నారు. గొర్రెలు కాసే చౌడప్ప తాత కాసేపు చూసి పట్టా వైపు తిరిగాడు.

"పాపా, కింద ఏమో అచ్చరాలు పరిగెత్తుతాండాయి. ఏం రాసినారు?"

పట్టా వెనక బోండా నూనెలో చుయ్యిమంది.

"చదవమ్మే, తాత అడుగుతాండాడు," అంది తిప్పమ్మ. "తొమ్మిది దాకా చదివితివి గదా, ఆ చదువు నూనెలో ఏంచుకుందామా?"

గౌతమి చిరుగుకు కన్ను ఆనించి మెల్లగా చదివింది. "కోస్తాలో విస్తారంగా వర్షాలు. రాయలసీమలో అక్కడక్కడ తేలికపాటి జల్లులు."

చౌడప్ప తల గోక్కున్నాడు. "ఆ అక్కడక్కడ అనే ఊరు యా మండలంలో ఉండాది?"

బెంచీ మీద జాకబ్ టీ గుటక మింగలేక దగ్గాడు. జాకబ్‌కు ఒక జత ఎద్దులు, ఒక విత్తనపు గొర్రు ఉన్నాయి. ఊళ్ళో ట్రాక్టరు పిలవలేనివాళ్ళకు అతనే దిక్కు. "కణేకల్ తట్టు ఉంటాదేమో తాతా," అన్నాడు. "కాలవ నీళ్ళూ వాళ్ళకే, జల్లులూ వాళ్ళకే."

"నవ్వద్దప్పా. నా పెండ్లి అయినకాడ్నుంచి ఇంటాండా, యా కార్తెలో సూడు, ఆ ఊర్లోనే కురుస్తాది. ముందే తెలిసింటే మా చెల్లెల్ని ఆ ఊరికే ఇచ్చింటి."

ఆ రోజునుంచి గౌతమి పొద్దున కూలీలకు వార్తలు చదివింది. టీవీలో ముఖం ఉంది, గొంతు లేదు. పట్టా వెనక గొంతు ఉంది, ముఖం లేదు. ఇద్దరూ కలిస్తే ఒక మనిషి. తనను ఎవరూ చూడడం లేదన్న ధైర్యంతో గౌతమి నాలుగు రోజుల్లో తడబడకుండా చదవసాగింది.

సాయంత్రం పుల్లన్నకు సంగతి తెలిసింది. ఆయనా చదివించుకున్నాడు. రెండు వాక్యాలు విని మొహం చిట్లించాడు.

"ఏం పాపా, నీళ్ళు కలిపిన మజ్జిగ మాదిరి చదువుతాండావు! ఖండించినారంట. అట్లనా ఖండించేది? నాబి కాడ్నుంచి రావాల."

గౌతమి ఇంకొంచెం గట్టిగా చదివింది.

"ఊహూ. ఎదుటోడు చొక్కా పట్టుకున్నట్టు ఉండాల."

మూడో సాయంత్రం ఆమెకు కిటుకు చిక్కింది. ఎర్రపట్టీ రాగానే జల్లిగరిటెతో బాణలి అంచు మీద ఠంగుమని ఒకటి కొట్టి, "ఇప్పుడే అందిన వార్త!" అని అరిచింది. బెంచీలు ఊగిపోయాయి. పుల్లన్న తొడ చరిచాడు. "అద్దీ! పాపకు పట్టుబడింది!" అన్నాడు. ఆ సాయంత్రం ఒక టీని ఇద్దరు పంచుకునేవాళ్ళు మనిషికొక టీ తాగారు. తిప్పమ్మ కూతురి చదువు వృథా పోలేదని మొదటిసారి ఒప్పుకుంది.

నిజం చెప్పాలంటే గౌతమికి కూడా బాగుంది. ఇంట్లో "నాయనా, కూడు" అనడానికే గొంతు పెగలని పిల్ల, గోనెపట్టా వెనకనుంచి మంత్రులను నిలదీసింది, అధికారులను సమాధానం చెప్పమంది. పొద్దున ఒక గొంతు, సాయంత్రం ఇంకో గొంతు. వార్త ఒకటే. గరిటె మాత్రం అదనం.

బాలప్పకు ఎర్ర గరుసు నేల రెండెకరాలు ఉంది. ఆ ఏటికి వేయడానికి ఒకే ఒక మూట వేరుశనగ విత్తనం ఉంది. తిప్పమ్మ, గౌతమి వేళ్ళు బొబ్బలెక్కేలా కాయలు ఒలిచి కట్టిన మూట. అది పోతే ఇంకొకటి లేదు. పునర్వసు కార్తెలో ఒక చిన్న వాన పడింది. బాలప్ప చేనులో వేలు గుచ్చి చూశాడు. రెండో కణుపు దాకా తడి. విత్తనం మొలవాలంటే వేలు పూర్తిగా దిగాలి. దాన్నే పదును అంటారు. ఇప్పుడున్నది అరపదును. ఇంకో వాన వెంటనే వస్తుందంటే విత్తవచ్చు. రాకపోతే విత్తనం భూమిలో ఉడికి చీమల పాలవుతుంది. టీవీ వాళ్ళు వానను మిల్లీమీటర్లలో చెప్తారు గానీ వేలి కణుపుల్లో చెప్పరు.

ఒక సాయంత్రం ఎర్రపట్టీ మీద తెరంత అక్షరాలు వచ్చాయి. గౌతమి గరిటె ఎత్తింది. ఠంగు!

"ఇప్పుడే అందిన వార్త! భారీ వర్షాలు! భారీ వర్షాలు!"

బెంచీల మీద ఈలలు. "మళ్ళీ సదువు పాపా!" అన్నాడు పుల్లన్న. ఆమె మళ్ళీ అరిచింది. అప్పుడే కింద చిన్న అక్షరాలు పరిగెత్తాయి. కోస్తా జిల్లాల్లో, అని. ఆ వెనక, రాయలసీమలో అక్కడక్కడ, అని. గౌతమికి అవి కనపడ్డాయి. చదవబోయింది.

"ఆ సన్నవి యాలబ్బా, పెద్దవి సదువు!"

ఆమె పెద్దవే చదివింది. మూడోసారి గరిటె మోగింది. ఆ మోత చల్లారేలోపు సబ్బు ప్రకటన వచ్చింది.

చిరుగులోంచి చూస్తే రోడ్డు మీద కట్టెలమోపు దించి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. బాలప్ప. పని నుంచి వస్తూ ఆగాడు. మామూలుగా సాయంత్రం వార్తలు ఆయన వినడు. ఆ రోజు విన్నాడు. మోపు అక్కడే వదిలేసి, ఇంటి దారి కాకుండా జాకబ్ ఇంటి దారి పట్టాడు.

ఇంట్లో అన్నాల దగ్గర బాలప్ప ఎప్పుడూ లేనంత మాట్లాడాడు. జాకబ్ ఎద్దులు రేపు పొద్దునకు దొరికాయని, విత్తనానికి పట్టించే మందు పొట్లం కూడా తెచ్చానని చెప్పాడు.

"ఆ టీవీ వాళ్ళ మాట నమ్మి ఇత్తనం ఏస్తావా?" అంది తిప్పమ్మ.

"టీవీ వాడు చెప్తే నేనెందుకు నమ్ముతా? నా బిడ్డ చెప్పింది. అంత గట్టిగా చెప్పిందంటే ఉత్తుత్తికే చెప్తాదా?"

గౌతమి కంచంలో సంగటి ముద్దను చూస్తూ కూర్చుంది. చెప్పాలి. నోరు తెరిస్తే గాలి వచ్చింది, మాట రాలేదు. అడ్డంగా వేలాడేందుకు అక్కడ గోనెపట్టా లేదు. లోకంలోని మంత్రులందరినీ నిలదీసిన గొంతు మూరెడు దూరంలో ఉన్న నాయనకు నాలుగు మాటలు చెప్పలేకపోయింది. బాలప్ప చెయ్యి కడుక్కుని, మూట తల దగ్గర పెట్టుకుని పడుకున్నాడు.

తెల్లవారి ఆరుగంటలకు హోటల్ ముందర ఎద్దులు ఆగాయి. టీ తాగందే జాకబ్ కాడి కట్టడు. బాలప్ప బెంచీ మీద కూర్చున్నాడు. మూట తొడ మీద ఉంది, మందు పొట్లం చేతిలో ఉంది. ఆ ఎర్ర మందు ఒకసారి కలిపాక గింజ ఇక భూమికే. తినడానికి పనికిరాదు, దాచడానికీ పనికిరాదు.

"ఒక చట్టి ఇయ్యి తిప్పమ్మా. ఈడనే కలిపి పోతా."

టీవీలో చీర కట్టిన ఆవిడ, ఎత్తని కప్పు, శుభోదయం. కింద అక్షరాలు మొదలయ్యాయి.

"ఏం రాసినారు పాపా?" అన్నాడు చౌడప్ప, రోజూ అడిగినట్టే.

పట్టా వెనకనుంచి గొంతు వచ్చింది. "కోస్తా జిల్లాల్లో భారీ వర్షాలు." ఆగింది. "రాయలసీమలో అక్కడక్కడ తేలికపాటి జల్లులు."

బాలప్ప పొట్లం చించబోయినవాడు ఆగాడు. "నిన్న మాపటేల భారీ అంటివి గదా?"

తిప్పమ్మ చట్టి పట్టుకుని నిలబడింది. అప్పుడు గోనెపట్టా పక్కకు జరిగి గౌతమి బయటికి వచ్చింది. చేతులకు పిండి ఉంది. బెంచీల మీద ఉన్న సగంమంది ఆమె ముఖాన్ని చూడడం అదే మొదలు. ఆమె మాత్రం నాయన కాళ్ళ వైపే చూసింది.

"నిన్నా ఇదే రాసినారు నాయనా. నేను సగమే చదివినా."

"యాల?"

"పెద్ద అచ్చరాలే చదవమన్నారు."

"రాత్రి ఇంట్లో చెప్పింటే?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చౌడప్ప నిట్టూర్చాడు. "మళ్ళీ ఆ అక్కడక్కడోళ్ళకేనా! వాళ్ళేం పుణ్యం చేసుకున్నారప్పా!"

జాకబ్ ఆపుకోలేక నవ్వాడు. బాలప్ప నవ్వలేదు. పొట్లాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు, మూట నోరు ఇంకో ముడి వేశాడు.

"ఎద్దులు తోలుకపో జాకబూ. ఈ పొద్దుకు కూలికే పోతా." లేస్తూ కూతురి వైపు చూశాడు. "మాపటేల చదివేది పుల్లన్నకు చదువు. నాకు మటుకు పొద్దున చదివినట్టే చెప్పు. పూర్తిగా చెప్పు."

ఆ రోజు వాన రాలేదు. ఆ మరునాడూ రాలేదు. టీవీలో మాత్రం మూడు రోజులు కుండపోతగా కురిసింది. కార్లు కొట్టుకుపోయాయి, కోటు వేసుకున్నాయన మోకాలిలోతు నీళ్ళలో నిలబడి కూడా అరిచాడు.

గౌతమి గొంతును నమ్మి విత్తినవాడు ఊళ్ళో ఒకడున్నాడని తర్వాత తెలిసింది. నారాయణ. ఆ సాయంత్రం పక్కనున్న పంచరు అంగట్లో సైకిలు బాగుచేయించుకుంటూ విన్నాడు. ఎకరన్నర వేశాడు. విత్తనాన్ని చీమలు వరసకట్టి మోసుకుపోయాయి. "నీదేం తప్పు పాపా, మబ్బుది," అన్నాడతను బోండా తింటూ. తిట్టి ఉంటే బాగుండేదని గౌతమికి అనిపించింది.

ఇంతకూ పుల్లన్న? ఆయనా విత్తలేదు. ఎందుకు వేయలేదని ఎవరో అడిగారు. పుల్లన్న ఆశ్చర్యపోయాడు. "ఏమప్పా, న్యూస్ సూసి ఇత్తనం ఏసేటోడు యాడన్నా ఉంటాడా?"

ఆ సాయంత్రం గౌతమి వార్తలను పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ కలిపి, ఒకే గొంతుతో, గరిటె లేకుండా చదివింది. పుల్లన్న పది నిమిషాలు ఓర్చుకున్నాడు. వారం తిరక్కముందే ఉరవకొండ నుంచి పెద్ద స్పీకరు డబ్బా తెప్పించి టీవీకి తగిలించాడు. దాని మీద కూడా ఫొటో ఉంది.

మరునాడు పొద్దున ఆ డబ్బా "శుభోదయం" అనగానే ఎద్దులు బెదిరాయి.

"తిప్పమ్మక్కా, ఆ గొంతు పిసికెయ్," అన్నాడు జాకబ్. "మాకు పాప చదువుతాది."

అట్లా సాయంత్రానికి డబ్బా, పొద్దునకు గౌతమి అని పంపకం అయింది. పట్టా మాత్రం మళ్ళీ దిగింది. ఒక్కరోజు బయటికి వచ్చినంత మాత్రాన సిగ్గు పోతుందా?

పుష్యమి కార్తెలో ఒక రోజు. ఇంకో నాలుగు రోజులు దాటితే వేరుశనగ వేసీ లాభం లేదు. మధ్యాహ్నం మూడు దాటాక ఉన్నట్టుండి రేకుల మీద రాళ్ళు విసిరినట్టు వాన మొదలైంది. పనినుంచి మళ్ళిన కూలీలు, బైకు ఆపిన పుల్లన్న, ఎద్దులు తోలుకొచ్చిన జాకబ్, గొర్రెలతో సహా చౌడప్ప, అందరూ ఒకే రేకుల కిందికి దూరారు. పొద్దుటి జనం, సాయంత్రం జనం ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చోవడం ఆ హోటల్ చరిత్రలో అదే మొదలు. డబ్బా అరుస్తోంది గానీ రేకుల మోతలో ఒక్క ముక్కా వినపడడం లేదు.

బాలప్ప రేకుల అంచున నిలబడి రోడ్డు అవతల తన చేను వైపు చూస్తున్నాడు. "ఏం చెప్తాండారు పాపా?" అన్నాడు, కన్ను తిప్పకుండానే.

గౌతమి చిరుగులోంచి చూసింది. చూసి నవ్వింది. జల్లిగరిటె అందుకుని బాణలి మీద ఠంగుమని కొట్టి, సాయంత్రం గొంతుతో, వానకు మించి అరిచింది.

"ఇప్పుడే అందిన వార్త! రాయలసీమలో పొడి వాతావరణం!"

బెంచీలు పగలబడి నవ్వాయి. పుల్లన్న కూడా నవ్వాడు. చౌడప్ప ఒక్కడే నవ్వలేదు. తడిసిన గొంగడి పిండుకుంటూ, రోడ్డు మీద పారే ఎర్రనీళ్ళను చూస్తూ, నమ్మలేనట్టు అడిగాడు.

"అయితే ఈ పొద్దు ఆ అక్కడక్కడ అంటే మన ఊరేనా పాపా?"

"మన ఊరే తాతా!"

బాలప్ప అప్పటికే రోడ్డు దాటాడు. వానలో వంగి చేనులో వేలు గుచ్చాడు. వేలు పూర్తిగా దిగింది. అక్కడినుంచే లేచి జాకబ్‌కు చెయ్యి ఊపాడు. రెండో చేత్తో చొక్కా జేబును కప్పుకున్నాడు, అప్పటినుంచీ అందులోనే ఉన్న మందు పొట్లం తడవకుండా.